టేపు చుట్టిన ఊచ

ఆర్విడ్ హౌటాలా ముందు తలుపును కట్టేశాడు. కుడివైపు పట్టాలో, కింది చక్రానికి బెత్తెడు పైన, పళ్ళ పట్టకారు పెట్టి పిడి నొక్కాడు. అది ఇనుమును కరుచుకుంది. ఎడమవైపు కూడా అలాగే బిగించాడు. ఇక ఎవరు ఏం చేసినా ఆ గ్యారేజీ తలుపు పైకి లేవదు. తరవాత సీలింగుకు వేలాడుతున్న మోటారు తీగను ప్లగ్గులోంచి లాగి, కొసను జేబు రుమాలుతో ముడివేసి, పొరపాటున కూడా ఎవరి చేతికీ అందకుండా పైన దూలం మీద పడేశాడు.

ఆ తరవాతే తలెత్తి స్ప్రింగును చూశాడు.

తలుపు పైన, గోడకు ఆనించిన ఇరుసు మీద ఉంది అది. మనిషి తొడంత లావు, రెండు మూరల పొడవు. కొత్తదే, ఇంకా నూనె మెరుస్తోంది. దాని మూతికి నాలుగువైపులా నాలుగు రంధ్రాలు. ఒక రంధ్రంలో మూడు సూతుల లావు ఇనప ఊచ ఇరుక్కుని ఉంది. ఊచ రెండో కొస తలుపు పై పలకలో మూడు వేళ్ళ లోతు దిగబడింది. చుట్టిన స్ప్రింగు వెనక్కి తిరగాలని చూస్తోంది, వంగిపోయిన ఆ ఊచ ఒక్కటే దాన్ని ఆపుతోంది. మూతిని ఇరుసుకు పట్టి ఉంచాల్సిన మరలు బిగించనే లేదు.

నేల మీద సిమెంటును ఎవరో బ్లీచు పోసి కడిగారు. మిగతా నేలంతా నల్లగా ఉంటే అక్కడ మాత్రం తెల్లగా ఉంది. ఆర్విడ్ నిచ్చెనను ఆ తెలుపు మీద వేయలేదు. పక్కకు జరిపి, గోడవారగా వేశాడు. భయం వల్లా కాదు, గౌరవం వల్లా కాదు. స్ప్రింగు మూతికి ఎదురుగా ఎవరి ముఖమూ ఉండకూడదు. నిచ్చెన ఎప్పుడూ పక్కనే. డ్వేన్ టర్కాట్ నిచ్చెనను సరిగ్గా ఎదురుగా వేసుకున్నాడు.

పదకొండు రోజుల కిందట డ్వేన్ ఈ స్ప్రింగును తానే చుట్టబోయాడు. రెండు ఊచలతో, ఒకటి తీసి ఒకటి పెడుతూ తిప్పుతుండగా ఒక ఊచ జారింది. స్ప్రింగు గిర్రున వెనక్కి తిరిగింది. రెండో ఊచ దాంతో పాటే తిరిగొచ్చి అతని కణత మీద కొట్టి, ఆ ఊపులోనే వెళ్ళి తలుపులో దిగబడింది. నలభై ఆరేళ్ళవాడు. పోలీసు వచ్చి ఫోటోలు తీసుకుని, ప్రమాదం అని రాసుకుని వెళ్ళిపోయాడు. పెద్ద సరస్సు అవతల పట్నంలో ఉన్న తలుపుల కంపెనీకి ఫోను చేస్తే, వేరేవాళ్ళు సగం చుట్టి వదిలినదాన్ని మేం ముట్టుకోం అన్నారు. తలుపు మూసి ఉంది. లోపల కారుంది. బయట నడుము లోతు మంచు.

ఇంట్లోంచి గ్యారేజీలోకి వచ్చే చిన్న గుమ్మంలో కోలీన్ నిలబడి ఉంది. చనిపోయినవాడి భార్య. కోటు గుండీలన్నీ పెట్టుకుంది, కాళ్ళకు మాత్రం ఇంట్లో వేసుకునే చెప్పులు.

"కాఫీ తాగుతారా?" అంది.

"పని అయ్యాక తాగుతానమ్మా."

"ఎంతసేపు పడుతుంది?"

"దాన్ని వదిలించడం ఎంతసేపో చెప్పలేను. వదిలాక రెండు గంటలు."

"రేపు పొద్దున ఆరింటికి నేను వృద్ధాశ్రమంలో ఉండాలి. ఇన్నాళ్ళూ వాళ్ళూ వీళ్ళూ తీసుకెళ్ళారు. ఇక ఎవరినీ అడగలేను. రేపు రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం అన్నారు."

"వెళ్తావులే," అన్నాడు ఆర్విడ్. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూడలేదు. పదకొండు రోజులుగా అతను ఎవరి ముఖమూ సరిగ్గా చూడలేదు.

డ్వేన్‌కు ఆ ఊచల సంగతి చెప్పింది ఆర్విడే.

ఆర్విడ్ మాటల మనిషి కాదు. తండ్రి గనిలో పనిచేశాడు, తానూ గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక ఊళ్ళో ఇనప సామాను కొట్లో చేరాడు. తలుపు స్ప్రింగుల పని అతనికి ఎవరూ నేర్పలేదు. విరిగిన తన తలుపు దగ్గర మొదలుపెట్టి, చేత్తో తడిమి, తప్పులు చేసి, దెబ్బలు తిని నేర్చుకున్నాడు. చలికి ఇనుము పెళుసెక్కే ఊరది. ప్రతి జనవరిలోనూ పది పన్నెండు స్ప్రింగులు తుపాకీ పేలినట్టు పేలతాయి. ఇరవై ఆరేళ్ళలో నాలుగు వందల తలుపులు లేపి ఉంటాడు. ఎవరికీ ఒక్క గోరు కూడా చిట్లలేదు. కొట్లో కాఫీ కుండ చుట్టూ కూర్చుని గనిలో తమ వీరగాథలు చెప్పుకునేవాళ్ళ మధ్య అతను బీరువాలో పెట్టిన గొడుగులా ఉండేవాడు. అక్కడ ఉన్నట్టు ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ రోజు డ్వేన్ విరిగిన స్ప్రింగు చంకలో పెట్టుకుని కొట్లోకి వచ్చాడు. కాఫీ దగ్గర నలుగురున్నారు. వాళ్ళలో గోర్డీ అనే లావుపాటి మనిషి ఎవరినీ ఊరికే వదలడు.

"ఏరా డ్వేన్, తలుపు మీద ఎక్కి ఊగావా ఏంటి?"

"పొద్దున్నే పేలిందిరా బాబూ. మా ఆవిడ మంచం కింద దూరింది. నేను ఆవిడ కింద దూరాను."

"మనిషిని పిలవచ్చుగా?"

"నా తలుపుకి నేను మనిషిని పిలిచే రోజొస్తే, నా తుపాకీ, నా పడవ కూడా మీ ఇంటికి పంపించేస్తాలే గోర్డీ."

డ్వేన్ అజాగ్రత్తగా ఉండే రకం కాదు. ఇరవై చుట్ల పొడవు టేపుతో కొలిచాడు, తీగ లావు కట్టాడు, లోపలి వెడల్పు కాగితం మీద రాసుకొచ్చాడు. సరైన స్ప్రింగే అడిగాడు. ఆర్విడ్ తీసిచ్చాడు. "తిప్పే కడ్డీలు కూడా ఇవ్వండి," అన్నాడు డ్వేన్. కడ్డీలు అయిపోయాయి. తెప్పించాల్సింది ఆర్విడే. డిసెంబరులోనే ఆర్డరు రాయాల్సింది, మరిచిపోయాడు.

"ఈ కొట్లో అన్నీ ఉంటాయి, కావలసింది తప్ప," అన్నాడు గోర్డీ. "పోనీ మన మౌనస్వామి మొదటి తలుపు దేంతో తిప్పాడో అడగరా. నోట్లోంచి ముత్యం రాలుతుందేమో, ఏరుకుందాం."

అందరూ ఆర్విడ్ వైపు తిరిగారు. ఆ నలుగురూ ఒకేసారి తన వైపు తిరగడం అతనికి గుర్తున్నంతలో అదే మొదలు.

"కడ్డీలెక్కడివి? మూడు సూతుల ఊచ రెండు ముక్కలు కోశా," అన్నాడు. "రంధ్రంలో వదులుగా ఉంటే కొసకి టేపు చుట్టా. అరగంటలో తలుపు లేచింది."

గోర్డీ తొడ చరిచి నవ్వాడు. డ్వేన్ ఆర్విడ్ వీపు తట్టి, "చూశారా, మగాడంటే ఇలా ఉండాలి!" అన్నాడు. ఆర్విడ్ చెవులు ఎర్రబడ్డాయి. అరవై మూడేళ్ళ వయసులో బడిపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ సంబరంలో మిగతా సగం చెప్పలేదు. చెబితే నవ్వు ఆగిపోతుంది. ఆ మిగతా సగం ఇది: ముప్పై పావుచుట్లు తిప్పాలి, ఇరవై ఎనిమిదో దాంట్లో టేపు తోలులా ఊడొచ్చింది. ఊచ చెవి పక్కనుంచి పోయి మెడ కింది ఎముకను విరగ్గొట్టింది. ఆరు వారాలు చెయ్యి మెడకు వేలాడింది. కట్టు విప్పిన రోజే గని కమ్మరిషెడ్డుకు వెళ్ళి, నాలుగు సూతుల లావు, మూరెడు పొడవు ఉన్న రెండు ఉక్కు కడ్డీలు చేయించుకున్నాడు. అవి రంధ్రంలో సందు లేకుండా కూర్చుంటాయి. ఇరవై ఆరేళ్ళుగా అవి తప్ప ఇంకోటి ముట్టలేదు.

ఇప్పుడవి అతని నడుము పట్టీలో ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని నిచ్చెన మూడు మెట్లు ఎక్కి, పక్కనుంచి చెయ్యి చాచి, స్ప్రింగు మీద డ్వేన్ గీసిన సుద్ద గీతను చూశాడు. చుట్టకముందు నిటారుగా గీసిన గీత, చుట్టిన కొద్దీ స్ప్రింగు చుట్టూ మెలికలు తిరుగుతుంది. ఎన్ని మెలికలో అన్ని చుట్లు. నాలుగున్నర. అంటే పద్దెనిమిది పావుచుట్లు ఇంకా లోపల ఉన్నాయి.

తలుపు మామూలు రేకు తలుపు కాదు. డ్వేన్ తండ్రి దానికి దేవదారు పలకలు తొడిగాడు. ఇద్దరు కూడా లేపలేని బరువు. ఆ బరువును మోసే స్ప్రింగు కూడా అంతటిదే.

కింద ఖాళీగా ఉన్న రంధ్రంలో కడ్డీ పెట్టి, పైకి నొక్కి చూశాడు. ఊచ మీదున్న భారం అతని భుజం మీదికి వచ్చింది. ఊచ కాస్త వదులైంది. కానీ ఒక చేత్తో భారం ఆపి రెండో చేత్తో దాన్ని లాగాలి. మెడ కింది పాత ఎముక ఒప్పుకోలేదు. మెల్లిగా భారాన్ని మళ్ళీ ఊచకే అప్పగించి కిందికి దిగాడు. రంపంతో కోద్దామా అనుకున్నాడు. కోసిన క్షణంలో అది తెగి ఎగురుతుంది.

"ఏమైంది?" అంది కోలీన్.

"ఇంకో చెయ్యి కావాలి. గోర్డీకి ఫోను చేస్తావా?"

"నాకు రెండున్నాయి."

"నీ చేత ఎలా చేయించను?"

"ఆశ్రమంలో రోజుకి ఇరవైమందిని మంచం మీంచి లేపుతాను. చెప్పండి ఏం చెయ్యాలో."

ఆర్విడ్ ఆమెను చెప్పులు తీసి బూట్లు వేసుకురమ్మన్నాడు. ఇంకో జత కళ్ళద్దాలు ఇచ్చాడు. మూతికి అవతలివైపు, గోడకు ఆనుకుని, ఎత్తు పీట వేశాడు. స్ప్రింగు వదిలినా ఊచ తిరిగే దారి ఎక్కడెక్కడ ఉంటుందో గాలిలో చేత్తో గీసి చూపించాడు.

"ఈ గీత దాటి తల రాకూడదు. చెయ్యి మాత్రమే. నేను లాగమన్నప్పుడు లాగు. రాకపోతే వదిలెయ్. దాంతో పోట్లాడకు. ఊచ వచ్చాక ఈ రెండో కడ్డీ నాకివ్వాలి."

రెండో కడ్డీ ఆమె చేతికిచ్చి తన నిచ్చెన ఎక్కాడు. కడ్డీ పెట్టాడు. రెండు చేతులతో పైకి నొక్కాడు. స్ప్రింగు కిర్రుమంది.

"లాగు."

ఆమె లాగింది. రాలేదు. అటూ ఇటూ కదిలించి మళ్ళీ లాగింది. పలకలోంచి కొస ఊడింది. తరవాత మూతిలోంచి రెండో కొస వచ్చింది. ఆ చిన్న కుదుపుకే ఆర్విడ్ మోచేతులు దిగజారబోయాయి. పళ్ళు బిగించి ఆపాడు. ఇప్పుడు పద్దెనిమిది పావుచుట్లూ అతని రెండు చేతుల్లో ఉన్నాయి.

"కడ్డీ ఇవ్వమ్మా."

ఆమె ఇవ్వలేదు. ఊచ వైపే చూస్తోంది. కొసన నల్లటి కరెంటు టేపు నాలుగైదు చుట్లు చుట్టి ఉంది. సగం చిరిగి, తోలులా వేలాడుతోంది.

"దీనికి టేపు ఎందుకు చుట్టాడు?"

"కోలీన్, కడ్డీ ఇవ్వు."

"ఎందుకు చుట్టాడు?"

ఆర్విడ్ కడ్డీ మీద పట్టు మళ్ళీ బిగించాడు. ఏదో ఒకటి చెప్పవచ్చు. జారకుండా చుట్టుకుని ఉంటాడు అనవచ్చు. ఆమెకేం తెలుస్తుంది?

"నేను చెప్పాను," అన్నాడు. "కొట్లో. కడ్డీలు లేవు. ఊచలతో చేసుకోవచ్చని నేనే చెప్పాను. టేపు చుట్టుకోమని నేనే చెప్పాను."

ఆమె కదల్లేదు.

"నాకు తెలుసు," అంది. "ఆ రాత్రి భోజనం దగ్గర మూడుసార్లు చెప్పాడు. ఆర్విడ్ ఇలా చేశాడట, అరగంటలో అయిపోయిందట, నవ్వి నవ్వి చచ్చామే అన్నాడు." ఆమె గొంతు ఎత్తలేదు. "నిన్నే ఎందుకు పిలిచానో తెలుసా? నువ్వేం పట్టుకొస్తావో చూద్దామని. నువ్వూ ఊచలే తెస్తే, ముసలాడికి తెలిసింది అంతే, మా ఖర్మ అనుకునేదాన్ని. నువ్వు కడ్డీలు తెచ్చావు."

ఇందాకటి దాకా మీరు అన్న మనిషి నువ్వు అంటోంది. చెమట కళ్ళద్దాల్లోకి దిగుతోంది.

"ఇరవై ఆరేళ్ళుగా కడ్డీలతోనే చేస్తున్నాను," అన్నాడు. "ఊచతో ఒక్కసారే చేశాను. అది జారి నా ఎముక విరిగింది. ఆ సగం చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"వాళ్ళు నవ్వుతున్నారు."

గ్యారేజీలో స్ప్రింగు సన్నగా మూలిగింది. కడ్డీ వేలెడంత దిగింది. ఆర్విడ్ దాన్ని మళ్ళీ పైకి తెచ్చాడు, కానీ ఇంకోసారి తేలేనని అతనికి తెలుసు. అడగకూడదు అనుకున్నాడు. అడిగే హక్కు తనకు లేదు. నిచ్చెన మీంచి వెనక్కి దూకితే, కడ్డీ ఎటు పోతుందో లెక్కవేశాడు. ఆమె వైపు రాదు. తన వైపే వస్తుంది.

"నువ్వు పీట దిగి ఇంట్లోకి వెళ్ళమ్మా," అన్నాడు. "తలుపు వేసుకో. నేను వదిలేస్తాను."

ఆమె అతని చేతుల కేసి చూసింది. ఆ చూపులో జాలి లేదు. మంచం మీంచి ముసలివాళ్ళను లేపేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో చూసే చూపు అది.

"రేపు ఆరింటికి నేను పనిలో ఉండాలి," అంది. గీత దాటకుండా చెయ్యి మాత్రం చాచి, రెండో కడ్డీని అతని కడ్డీ పక్కనున్న రంధ్రంలో తానే పెట్టింది. లోపలికి చివరిదాకా, సందు లేకుండా. దాని మీద బలం వేసి పైకి పట్టింది. "ఇప్పుడు?"

ఆర్విడ్ ఊపిరి వదిలాడు. "పట్టుకునే ఉండు. నేను నాది తీస్తాను. నీది పావుచుట్టు కిందికి రానీ. మెల్లిగా."

ఒకటి. ఆర్విడ్ తన కడ్డీని తరవాతి రంధ్రంలో పెట్టి భారం అందుకున్నాడు. ఆమె తీసి మళ్ళీ పెట్టింది. రెండు. మూడు. మాటల్లేవు, లెక్క ఒక్కటే. అతను ఒకటంటే ఆమె తరవాతిది అంది. పద్దెనిమిది దగ్గర స్ప్రింగు చచ్చిన పాములా వదులైంది. సుద్ద గీత నిటారుగా వచ్చింది.

ఆర్విడ్ నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాడు. ఆమె పీట దిగి ఊచను పనిబల్ల మీద పెట్టింది. టేపు అలాగే ఉంచింది.

"ఆ మిగతా సగం నాకు చెప్పి లాభం లేదు," అంది. "అక్కడ చెప్పు."

"చెప్తాను."

"గోర్డీ ముందు."

"గోర్డీ ముందే."

"వాళ్ళు నవ్వరు."

"నవ్వరు," అన్నాడు ఆర్విడ్.

ఆమె లోపలికి వెళ్ళి ఒక కప్పు కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇవ్వలేదు, పెట్టింది. అతను అది తాగకుండా లేచి పనిలో పడ్డాడు. పని అయ్యాక తాగుతానన్నాడు మరి.

ఆ స్ప్రింగు కొత్తదే అయినా వాడలేదు. ఊచ గుచ్చుకున్న రంధ్రం అంచు నలిగిపోయింది. నలిగిన రంధ్రంలో ఏ కడ్డీ నమ్మకంగా కూర్చోదు. తాను తెచ్చిన ఇంకో స్ప్రింగును ఇరుసు మీదికి ఎక్కించాడు. చుట్లు ఎటు తిరిగి ఉన్నాయో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ఎడమదీ కుడిదీ తారుమారైతే చుట్టేకొద్దీ స్ప్రింగు విప్పుకుంటుంది. ఇరుసు రెండు కొసల్లో కప్పీల మీద తీగ తాళ్ళు గాడిలో కూర్చున్నాయా అని గోరుతో తడిమాడు. రెండూ సమంగా బిగిసి ఉన్నాయి. సుద్దతో నిటారు గీత గీశాడు.

తరవాత చుట్టడం మొదలుపెట్టాడు. ఈసారి ఆమెను పిలవలేదు. ఒక కడ్డీ పెట్టి పావుచుట్టు పైకి, రెండోది పెట్టి మొదటిది తీసి ఇంకో పావుచుట్టు. భారం కాస్త కాస్తగానే పెరుగుతుంది కాబట్టి మోయగలిగాడు. పది దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు, కడ్డీని తలుపుకు ఆనించి, చెయ్యి మాత్రం వదలకుండా. ఇరవై దగ్గర భుజం మంటెత్తింది. ఇరవై ఎనిమిది దగ్గర, ప్రతిసారిలాగే, తల ఇంకాస్త పక్కకు వంచాడు. ముప్పై. మెలికలు లెక్కపెట్టాడు. ఏడున్నర. స్ప్రింగును పావంగుళం బయటికి లాగి, రెండు మరలూ ఇరుసుకు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు బిగించాడు. కడ్డీని రవ్వంత వదిలి చూశాడు. మూతి కదల్లేదు. అప్పుడు తీశాడు. చుట్ల మీద నూనె రాసి గుడ్డతో తుడిచాడు.

పట్టాలకు పెట్టిన పట్టకార్లు తీస్తూ ఆమెను పిలిచాడు. తలుపును తాను లేపి చూపించడం అతనికి అలవాటు లేదు. ఎవరి తలుపు వాళ్ళు తమ చేత్తో లేపాలి. అప్పుడే అది అప్పగించినట్టు లెక్క.

"ఒక్క చేత్తో లేపు. మోటారు లేకుండా. నడుము దాకా వచ్చాక వదిలెయ్."

కోలీన్ వంగి పిడి పట్టుకుంది. దేవదారు తలుపు చప్పుడు లేకుండా లేచింది. కింది నుంచి వెలుతురు, చలి, మంచు పొడి ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. నడుము దాకా లేపి ఆమె చెయ్యి తీసేసింది. తలుపు అక్కడే నిలబడింది. పైకి పోలేదు, కిందికి జారలేదు.

ఆమె కాసేపు దాన్ని అలాగే చూసింది. తరవాత ఇంకోసారి తోసి పూర్తిగా లేపింది.

"మోటారు పెట్టనా?" అన్నాడు ఆర్విడ్.

"పెట్టు."

అతను తీగను దూలం మీంచి దింపి, రుమాలు విప్పి ప్లగ్గులో పెట్టాడు. ఆమె కార్లో కూర్చుని మీట నొక్కింది. తలుపు దిగింది. మళ్ళీ నొక్కింది. లేచింది. మూడోసారి కూడా చూసుకుని కారును వెనక్కి, మంచు తోడిన బాటలోకి తీసింది. ఆర్విడ్ చల్లారిన కాఫీ నిలబడే తాగి, కప్పు బల్ల మీద పెట్టి, సామాన్లు తీసుకుని ఆమె కారు పక్కగా బయటికి నడిచాడు. అతను గడప దాటాక కోలీన్ మీట నొక్కింది. తలుపు నిదానంగా దిగి నేలకు ఆనింది.